బెల్లం ఎర్రబడితే రికార్డులో ఏం రాయాలి?

మేడారం జాతర అయిన వారానికి మా ల్యాబుకు ఒక అమ్మాయి బంగారం తెచ్చింది. మా వైపు మేడారం బంగారమంటే బెల్లమే. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు తూచి మొక్కు చెల్లించేది, ప్రసాదమని పొట్లం కట్టి వాడకట్టంతా పంచేది. చిటికెడు బెల్లం నీళ్లలో కరిగించి, 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కలు వేసి, ట్యూబును మరిగే నీళ్లలో నిలబెట్టింది. నీలం కాస్తా ఆకుపచ్చయింది, పసుపయింది, ఐదు నిమిషాలకు ఇటుక రంగు మడ్డి అడుగుకు దిగింది.

"సార్, బెల్లమంటే సుక్రోజే గదా. సుక్రోజుకు బెనెడిక్ట్ రాదని నోట్సులో ఉంది. నేనేమన్న తప్పు చేసిన్నా?"

తప్పేమీ చేయలేదు. నోట్సులో ఉన్నదీ అబద్ధం కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న సందు గురించే ఈ వ్యాసం. ఒక పదార్థంలో కార్బోహైడ్రేటు ఉందో లేదో, ఉంటే ఏదో పట్టుకోవడానికి నూట యాభై ఏళ్లకు పైగా పోగుపడిన పరీక్షలు ఒక బల్ల నిండా ఉన్నాయి. వాటిలో ఏది ఏం చెబుతుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది, ఇంకా ఏది ఉంచుకోదగ్గది అన్నది తేల్చుకోవాల్సిన మాట.

తేల్చుకోవాల్సిన అవసరం మా మూడు జిల్లాలకు ఇప్పుడు ఎక్కువే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. మేడారం అప్పుడు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, 2019లో ములుగుకు పోయింది. అంతకుముందు ఇక్కడి పిల్లలకు చక్కెర పరీక్షలంటే ఇంటర్ రెండో ఏడాది ప్రాక్టికల్స్, ఆపైన కాకతీయ విశ్వవిద్యాలయం కింది డిగ్రీ ల్యాబులు. 2022 నవంబరులో మహబూబాబాద్‌లో, 2023 సెప్టెంబరులో జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటితో ఎంబీబీఎస్ మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ ల్యాబులూ వచ్చాయి. ఇంటర్‌లో ఇటుక రంగు చూసిన పిల్లే రెండేళ్లకు అదే రంగును రోగి మూత్రంలో చూడాల్సి వస్తుంది. అక్కడ తప్పు రాస్తే పోయేది మార్కులు కాదు.

మొదటి మెట్టు మోలిష్. హాన్స్ మోలిష్ వృక్షశాస్త్రజ్ఞుడు, మెండెల్ బఠాణీలు పెంచిన బ్రున్ పట్నంలోనే 1856లో పుట్టాడు. మొక్కల కణజాలంలో చక్కెరను కంటికి కనిపించేలా చేయాలన్నది అతని తపన. ఈ పరీక్షను 1886లో ప్రకటించాడు. ముసలితనంలో మన దేశం వచ్చి కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ సంస్థలో కొన్నాళ్లు పనిచేశాడు కూడా. పరీక్ష చిన్నదే. ద్రావణంలో రెండు చుక్కల ఆల్ఫా నాఫ్తాల్ వేసి కలిపి, ట్యూబును ఏటవాలుగా పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంట నెమ్మదిగా జారవిడవాలి. ఆమ్లం బరువు, కనుక కిందికి చేరుతుంది. చక్కెర నుంచి నీటిని లాగేసి ఫర్‌ఫ్యూరాల్ జాతి పదార్థాన్ని చేస్తుంది. అది నాఫ్తాల్‌తో కలిసి, రెండు పొరలు తాకే చోట ఊదారంగు ఉంగరమవుతుంది. చేయి వణికిందా, ట్యూబు ఊపారా, ఉంగరం పోయి మొత్తం నల్లగా మాడుతుంది, ట్యూబు చేతిలో కాలుతుంది. ఆమ్లం సీసా తీయాలంటే ఇప్పుడు రిజిస్టరులో రాయాలి. ఆమ్లదాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన ఆదేశాల్లో విద్యాసంస్థలు వాడకం లెక్క రాసి పెట్టాలన్నది ఒకటి. మంచి పనే అయింది.

మోలిష్‌తో ఉన్న చిక్కల్లా దాని అతి తెలివి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పేరెందుకు గానీ ఒక కాలేజీలో, పరీక్షలకు ముందురోజు అన్ని ట్యూబుల్లోనూ ఊదా ఉంగరం వచ్చింది. గ్లూకోజుకు వచ్చింది, పిండికి వచ్చింది, గుడ్డు తెల్లసొనకు వచ్చింది. సరేలే, తెల్లసొన ప్రొటీన్లకు చక్కెర తోకలుంటాయి కదా అనుకున్నాం. చివరకు ఉత్త డిస్టిల్డ్ వాటరుకూ వచ్చింది. నాఫ్తాల్ పాడైందని పారబోశాం, కొత్తది చేశాం, మళ్లీ అదే. సాయంత్రం ట్యూబులు కడిగే చోటికి వెళ్లి చూస్తే కథ తేలింది. కడిగిన ట్యూబులను పుల్లకు నూలుగుడ్డ చుట్టి లోపల తుడిచి ఆరబెడుతున్నారు. నూలుపోగంటే సెల్యులోజ్, సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసు. కంటికి కనిపించని ఆ నూగును మోలిష్ పట్టేస్తున్నాడు. వడపోత కాగితపు పీచుతోనూ ఇదే గోల. ఆ రోజు నుంచి నా దగ్గర ఉత్తనీళ్ల ట్యూబు లేకుండా ఎవరూ ఏ పరీక్షా మొదలుపెట్టరు. మోలిష్ వస్తే పెద్దగా తెలిసేదేమీ లేదు. రాకపోతే మాత్రం మామూలు చక్కెరలేవీ అందులో లేవని ధీమాగా చెప్పొచ్చు. పిల్లలు దీన్ని సరిగ్గా తిరగేసి నేర్చుకుంటారు.

ఆ తరువాతిది రాగి కుటుంబం. అసలు కథంతా ఇక్కడే ఉంది. రైతులు తోటలకు కొట్టే మైలుతుత్తమే ఈ పరీక్షలకు మూలం. క్షారంలో కాచినప్పుడు కొన్ని చక్కెరలు రాగి అయాన్ల నీలాన్ని లాగేసి ఎర్రటి క్యుప్రస్ ఆక్సైడుగా కింద పడేస్తాయి. 1841లో ట్రామర్ ఇది చూపించాడు. క్షారంలో రాగి తానంతట తానే విరిగిపోకుండా టార్ట్రేటుతో కట్టేసి ఉంచింది ఫెహ్లింగ్, 1849 ప్రాంతంలో. అయినా కలిపి నిలవ ఉంచితే చెడిపోతుంది, అందుకే ఆయన ద్రావణం రెండు సీసాల్లో ఉంటుంది, వాడబోయే ముందు కలపాలి. అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో ఘాటు క్షారాన్ని తీసేసి సోడా వేశాడు, టార్ట్రేటు బదులు సిట్రేటు పెట్టాడు. లీటరుకు మైలుతుత్తం 17.3 గ్రాములు, సోడియం సిట్రేటు 173 గ్రాములు, సోడియం కార్బొనేటు 100 గ్రాములు. ఒకే సీసా, నెలలు గడిచినా చెడదు. ఈ చిన్న వంటమార్పుతో పరీక్ష ల్యాబు దాటి ఇళ్లలోకి వచ్చింది.

మా పెద్దనాయనకు షుగరు. గ్లూకోమీటర్లు లేని రోజులవి. తెల్లారగానే వెనక పంచలో స్పిరిట్ దీపం వెలిగించి, చెక్క పట్టకారుతో ట్యూబు పట్టుకుని, నీలపు సీసాలోంచి మందు పోసి, తన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి కాచేవాడు. నీలంగానే ఉంటే ఆ పూట అన్నంలోకి ఇంకో ముద్ద. ఆకుపచ్చయితే ఒక మాట అనుకునేవాడు. పసుపు, నారింజ, ఇటుక దాకా పోతే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆకుపచ్చంటే సుమారు అర శాతం, పసుపంటే ఒకటి, ఇటుకంటే రెండు దాటిందని లెక్క. అయితే రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గానీ మూత్రంలోకి దిగదు. అంటే నీలంగా ఉందని ముద్ద పెంచిన రోజుల్లోనూ ఆయన రక్తంలో చక్కెర ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉండి ఉంటుంది. పాపం, ట్యూబు ఆయనకు అబద్ధం చెప్పలేదు. దాన్ని ఎవరూ ఆ సంగతి అడగలేదు, అంతే.

ఇక బెల్లం. గ్లూకోజు, ఫ్రక్టోజు రాగిని క్షయకరిస్తాయి. లాక్టోజు, మాల్టోజుకూ ఆ శక్తి ఉంది. సుక్రోజుకు లేదు. గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ తమ చురుకైన చివరలతోనే ఒకదాన్నొకటి పట్టుకుని సుక్రోజు అయ్యాయి కనుక రాగిని పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కానీ బెల్లం సుక్రోజు ఒక్కటే కాదు. చెరకురసానికి కాస్త ఆమ్లగుణం ఉంది. పెనంలో గంటల తరబడి కాగేటప్పుడు సుక్రోజు కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. బెల్లంలో ఇది నూటికి పది దాకా ఉంటుంది, వానాకాలం చెమ్మకు మెత్తబడితే ఇంకా పెరుగుతుంది. బెనెడిక్టుకు వేయింట ఒక వంతు గ్లూకోజున్నా తెలిసిపోతుంది. ఎర్రబడక ఏం చేస్తుంది?

సుక్రోజును పట్టుకోవాలంటే ముందు దాన్ని విరగ్గొట్టాలి. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కాచి, సోడాతో ఆమ్లాన్ని చంపి, అప్పుడు బెనెడిక్ట్ చేయాలి. ఈ 'చంపి' అన్న మాటను సగం మంది మరిచిపోతారు. ఆమ్లం మిగిలుంటే బెనెడిక్టులోని సోడా బుసబుసమని పొంగిపోతుంది, రాగి నీలంగానే కూర్చుంటుంది, సుక్రోజు లేదని రాసి వెళ్లిపోతారు. బెల్లంలో రెండూ ఉన్నాయి కనుక ముందూ వెనకా కొలిచి తేడా తీయడమే దారి. 1923లో లేన్, ఐనన్ అనే ఇద్దరు చూపిన ఫెహ్లింగ్ టైట్రేషన్ ఇందుకు ఇప్పటికీ పనికొస్తుంది. విరగ్గొట్టాక పెరిగిన చక్కెరను 0.95తో గుణిస్తే సుక్రోజు వస్తుంది. సూచికగా వేసిన మిథిలీన్ బ్లూ నీలం పోయేదాకా ఫ్లాస్కు కాగుతూనే ఉండాలి, బ్యూరెట్ ఆగకూడదు. విసుగు పని. కానీ బెల్లం గురించి నిజం చెప్పే పని.

కల్లుదీ బెల్లం కథే, కాకపోతే కదిలే కథ. తాటిచెట్టు నుంచి అప్పుడే దిగిన రసంలో చక్కెర ఎక్కువ భాగం సుక్రోజే. లొట్టిలో సున్నం పూసి దింపితే పులియకుండా నీరాగా నిలుస్తుంది, బెనెడిక్టుతో ఏమంత రంగు రాదు. సున్నం లేకపోతే గాలిలోని, లొట్టిలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. దాని ఇన్వర్టేజ్ ఎంజైము సుక్రోజును చీలుస్తుంది, ఎండెక్కేకొద్దీ ట్యూబులో ఎరుపు పెరుగుతుంది. ఆ చీల్చిన చక్కెరను అదే ఈస్టు తినేసి సారాయి చేస్తుంది కనుక, బాగా పులిశాక ఎరుపు మళ్లీ తగ్గుతుంది. ఒకే చెట్టు కల్లు, ఒకే పరీక్ష, పూటకో జవాబు. జనగామ చుట్టుపక్కల గీత కార్మికుల పిల్లలు మా క్లాసులో ఎప్పుడూ ఉంటారు. ఈ సంగతి వాళ్లకు నాలుక మీద ముందే తెలుసు, నేను ట్యూబులో చూపిస్తానంతే. ఇంకో మాట. కల్తీ కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేటు తాగినవాడి మూత్రం చక్కెర లేకపోయినా రాగిని క్షయకరించి మోసం చేయగలదు. విటమిన్ సి ఎక్కువైనా అంతే. మా ప్రాంతపు కొత్త డాక్టర్లు ఇది గుర్తుంచుకోవాలి.

బార్‌ఫోడ్ డెన్మార్క్ మనిషి. రాగినే తీసుకుని క్షారం బదులు కొద్దిపాటి ఎసిటిక్ ఆమ్లంలో పెట్టాడు, 1873లో. ఆమ్లంలో రాగి మొండికేస్తుంది. గ్లూకోజు లాంటి ఒంటి చక్కెరలు రెండు మూడు నిమిషాల్లో దాన్ని లొంగదీస్తాయి, లాక్టోజు, మాల్టోజు లాంటి జంటలకు ఇంకా చాలాసేపు పడుతుంది. ఇక్కడ గడియారమే పరీక్ష. మాటల్లో పడి పది నిమిషాలు కాచితే జంటలు కూడా విరిగి ఎర్రబడతాయి. క్లోరైడు అడ్డొస్తుంది కనుక మూత్రానికి ఇది పనికిరాదు.

సెలివానాఫ్ పరీక్ష ఫ్రక్టోజు లాంటి కీటోజులకు. 1887 నాటిది. రిసార్సినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి కాచితే ఫ్రక్టోజు నిమిషంలోపే చెర్రీ ఎరుపవుతుంది. గ్లూకోజు కూడా ఎక్కువసేపు కాచితే లేత గులాబీకి వస్తుంది కనుక ఇక్కడా గడియారం చూడాల్సిందే. మా పిల్లలకు ఈ పరీక్ష మీద గౌరవం పెంచడానికి ఇప్పపువ్వు చాలు. కొత్తగూడ, గంగారం వైపు, మహాదేవపూర్ అడవుల్లో మార్చి, ఏప్రిల్ తెల్లవారుజామున రాలే పువ్వు నిండా చక్కెరే, అందులో ఫ్రక్టోజూ బాగానే ఉంటుంది. నాలుగు ఎండు పూలు నానబెట్టి పిండి వడకడితే చాలు, నిమిషంలో ఎరుపు. ఇదే రిసార్సినాల్ పాలకేంద్రం దగ్గరా పనికొస్తుంది. పాలలో వెన్న తీసి నీళ్లు కలిపాక, చిక్కదనం చూపడానికి చక్కెర కలిపితే, ఈ పరీక్షకు ఎర్రబడుతుంది. పాల సొంత చక్కెర లాక్టోజు కీటోజు కాదు కనుక అడ్డు రాదు. ల్యాబులో తల పట్టుకుని నేర్చుకునే పరీక్షల్లో ఊళ్లో నేరుగా నిలబడేది ఇదొక్కటేనేమో అనిపిస్తుంది.

కాదు, అయోడిన్ కూడా ఉంది. అయోడిన్ మూలకం దొరికింది 1811లో, అది పిండిని నీలం చేస్తుందని తెలిసింది మరో మూడేళ్లకే. గంజి ఒక ట్యూబులో తీసుకుని ఒక చుక్క వేయండి. చిక్కటి నీలం. ఇప్పుడు వేడి చేయండి. నీలం పోయి నీళ్లలా అవుతుంది. చల్లటి నీళ్లలో పెట్టండి, నీలం తిరిగొస్తుంది. అమైలోజ్ గొలుసు సుడితిరిగి చేసిన గొట్టంలో అయోడిన్ దూరి కూర్చుంటేనే ఆ రంగు. వేడికి సుడి వదులవుతుంది, చల్లబడితే మళ్లీ బిగుస్తుంది. అందుకే పాలలో పిండి కలిపారేమో చూడాలంటే పాలు కాచి, చల్లార్చి మరీ అయోడిన్ వేయాలి. వేడి పాలల్లో వేసి 'కల్తీ లేదు' అన్నవాళ్లను చూశాను. అయోడిన్ చెప్పలేనిది కూడా ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, షుగరున్నవాళ్లకు మంచిదని అమ్ముడుపోతోంది. దాని గంజీ నీలమే, దొడ్డుబియ్యం గంజీ నీలమే. ఎంత త్వరగా అరిగి రక్తంలో చేరుతుందన్నది ఈ చుక్కకు అందదు.

ఒసజోన్ పరీక్ష అంటే నాకు మొదటి నుంచీ మోజు. ఎమిల్ ఫిషర్ 1875లో ఫినైల్ హైడ్రజీన్ కనిపెట్టి, దాంతోనే చక్కెరల రూపురేఖలు తేల్చి, 1902లో నోబెల్ అందుకున్నాడు. చక్కెరకు దాన్ని కలిపి మరిగే నీళ్లలో పెట్టిన ట్యూబులో పసుపు స్ఫటికాలు తేలుతాయి. సూక్ష్మదర్శినిలో గ్లూకోజువి కోసి కట్టిన వరిమోపుల్లా, మాల్టోజువి పొద్దుతిరుగుడు పువ్వుల్లా, లాక్టోజువి పగిలిన పత్తికాయల్లా కనిపిస్తాయి. మాల్టోజు, లాక్టోజువి చల్లార్చాకే వస్తాయి. సుక్రోజుకు అసలు రావు. కానీ గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ ఒకే ఒసజోను ఇస్తాయి. వాటి మధ్య తేడా ఉన్న మొదటి రెండు కార్బన్లనే ఈ చర్య మార్చేస్తుంది మరి. ఫినైల్ హైడ్రజీన్ విషం. ఫిషరే దాని వల్ల ఏళ్ల తరబడి బాధపడ్డాడు. పిల్లల చేత ఇప్పుడు దీన్ని చేయించకూడదనే నా అభిప్రాయం. స్లైడు చూపితే సరిపోతుంది, మోజు నాది కదా అని వాళ్ల ఊపిరి ఎందుకు ఖర్చు చేయడం. పెంటోజులకు బయల్ పరీక్ష ఉంది, వెండి అద్దం తెచ్చే టోలెన్స్ ఉంది. రెండోదాన్ని చేసిన వెంటనే పారబోయాలి, నిలవ ఉంచితే పేలే పదార్థం తయారవుతుంది.

రంగు చూసి 'ఉంది, లేదు' అనడం నుంచి 'ఎంత' అనే దాకా పోయిన దారిలో మనవాడొకడు ఉన్నాడు. హార్వర్డులో ఆటో ఫోలిన్ విభాగం రక్తపరీక్షలకు పుట్టిల్లు. 1919-20ల్లో ఫోలిన్, వూ అనే ఇద్దరు రక్తంలో చక్కెర కొలిచే పద్ధతి చెప్పారు. చక్కెర రాగిని క్షయకరిస్తే, ఆ రాగి ఫాస్ఫోమాలిబ్డేటును నీలం చేస్తుంది, నీలం ఎంత చిక్కనైతే చక్కెర అంత. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి ఆ విభాగంలోనే ఫిస్కే అనే ఆయనతో పనిచేశాడు. 1925లో వాళ్లిద్దరి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వచ్చింది. అది కొలిచేది ఫాస్ఫరసు, కానీ నీలం అదే మాలిబ్డినం నీలం. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ దొరికాయి. మన పిల్లలకు ఏటీపీ పాఠం చెప్పేటప్పుడు ఆయన పేరు వస్తుంది, రంగు పరీక్షల పాఠంలో రాదు. రావాలి.

ఇంతా చేసి బిస్కెట్ పొట్లం మీద అచ్చయ్యే 'కార్బోహైడ్రేట్లు ఇన్ని గ్రాములు' అన్న అంకె చాలాసార్లు ఏ పరీక్షలోంచీ రాదు. తేమ, ప్రొటీను, కొవ్వు, బూడిద కొలిచి వందలోంచి తీసేస్తే మిగిలేది కార్బోహైడ్రేటు అని రాయడం పాత ఆనవాయితీ. మిగతా నాలుగింటిలో జరిగిన తప్పులన్నీ దీని నెత్తినే పడతాయి. మా విద్యార్థులకు ఈ సంగతి చెబితే పరీక్షగది నుంచి పారిపోయిన దొంగను చూసినట్టు నవ్వుతారు. తేనె విషయంలో ఇంకో అడుగు ముందుకు పోయింది. పరీక్షలకు దొరకని చక్కెర పాకాలే తయారుచేసి కలుపుతున్నారని 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టింది. రంగు పరీక్షలు అక్కడ చేతులెత్తేశాయి, ఎన్‌ఎంఆర్ లాంటి పెద్ద యంత్రం కావాల్సివచ్చింది.

ఆసుపత్రిలో ఈ పరీక్షల స్థానం మారి చాలా కాలమైంది. 1956లో గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైము అద్దిన కాగితపు పట్టీ వచ్చింది, స్పిరిట్ దీపం ఆరిపోయింది. ఎంజైముకు గ్లూకోజు ఒక్కటే తెలుసు, అదే దాని బలం. 2019లో ఎంబీబీఎస్‌కు వచ్చిన కొత్త పాఠ్యక్రమంలో మూత్ర పరీక్ష, సీరంలో గ్లూకోజు కొలత పేరు పెట్టి నిలిచాయి, తెలియని చక్కెరను వరస పరీక్షలతో పట్టే పాత కసరత్తు పక్కకు జరిగింది. పోనివ్వండి అనేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. పాలు తాగలేక నీరసించిన పసికందు మూత్రంలో గెలాక్టోజు ఉంటే పట్టీ ఏమీ లేదంటుంది, బెనెడిక్ట్ ఎర్రబడుతుంది. ఆ రెండు జవాబుల మధ్య తేడాయే గెలాక్టోసీమియా మీద మొదటి అనుమానం. పాలిచ్చే తల్లి మూత్రంలో లాక్టోజు వస్తే కూడా అదే తేడా, కానీ అక్కడ భయం లేదు. పట్టీ ఒక్కటే తెలిసిన డాక్టరుకు ఈ రెండు సందర్భాలూ కనబడవు. అందుకని బెనెడిక్ట్ ఉండాలి, ఉత్తనీళ్ల ట్యూబు ఉండాలి, సుక్రోజును విరగ్గొట్టడం ఉండాలి, అయోడిన్ ఉండాలి. ఒసజోను, టోలెన్స్ పోయినా నష్టం లేదు. తెల్లటి పొడి పొట్లాలు ఇచ్చి 'ఇది ఏ చక్కెర' అని అడిగే పద్ధతి ముందు పోవాలి. పొట్లాలు నాలుగే ఉంటాయని, రెండోది ఫ్రక్టోజని సీనియర్లు చెప్పేస్తారు. కల్లు, బెల్లం, ఇప్పపువ్వు, మొక్కజొన్న పిండి ఇచ్చి చూడమనండి, కంఠతా పట్టిన పట్టిక అరగంటలో కూలుతుంది.

ఆ అమ్మాయి రికార్డులో మూడు గళ్లు గీసుకుంది. పరీక్ష, పరిశీలన, నిర్ధారణ. రెండు గళ్లు నిండాయి, మూడో దాని దగ్గర కలం ఆగింది. 'సుక్రోజ్' అని రాసి కొట్టేసింది, 'గ్లూకోజ్' అని రాసి అదీ కొట్టేసింది. చాలాసేపటికి 'క్షయకరణ చక్కెర ఉంది. ఏదో ఈ పరీక్ష చెప్పదు. సుక్రోజు ఉన్నదీ లేనిదీ కూడా చెప్పదు' అని రాసి, "సార్, ఎక్స్‌టర్నల్ గిట్ల రాస్తే ఒప్పుకుంటడా?" అంది. అడిగితే నా పేరు చెప్పమని సంతకం పెట్టాను. టైట్రేషనుకు ఇంకో చిటికెడు కావాలని పొట్లం కోసం చూస్తే బల్ల మీద లేదు. బయట వరండాలో అందరూ తలా ఇంత నోట్లో వేసుకుంటున్నారు.